ఏడు కార్డ్‌లు, మారేది ఒక్క స్వరం

అమ్మలూ,

నువ్వు పంపిన రికార్డింగు విన్నాను. దానితోపాటు పెట్టిన కాగితం ఫొటో కూడా చూశాను. ‘ఆటమ్ లీవ్స్’ మొదటి ఎనిమిది బార్ల కార్డ్‌లు వరసగా రాసుకుని, ఒక్కోదాని కింద ఎర్ర సిరాతో ఒక్కో మోడ్ పేరు రాశావు. ఎ మైనర్ సెవెన్ కింద డోరియన్, డి సెవెన్ కింద మిక్సొలీడియన్, జి మేజర్ సెవెన్ కింద అయోనియన్, సి మేజర్ సెవెన్ కింద లీడియన్, ఎఫ్ షార్ప్ హాఫ్ డిమినిష్డ్ కింద లోక్రియన్, బి సెవెన్ కింద ఫ్రిజియన్ డామినెంట్, చివర ఇ మైనర్ కింద ఎయోలియన్. ఒక్క తప్పు లేదు, పరీక్షలో రాస్తే నూటికి నూరు వేస్తారు. అయినా వాయించింది వింటే స్కేళ్లు అప్పచెప్పినట్టుంది గాని పాటలా లేదని నువ్వే రాశావు. నిజమే తల్లీ, లేదు. ఆ సంగతి నీ చెవికి నేను చెప్పకుండానే తెలిసింది కాబట్టి నాకు బెంగ లేదు.

ఇప్పుడు ఆ కాగితం మీదే లెక్క చూద్దాం. ఎ నుంచి డోరియన్ వాయిస్తే వచ్చేవి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ షార్ప్, జి. డి నుంచి మిక్సొలీడియన్ వాయించు, అవే ఏడు వస్తాయి. జి నుంచి అయోనియన్ అన్నా, సి నుంచి లీడియన్ అన్నా, ఎఫ్ షార్ప్ నుంచి లోక్రియన్ అన్నా అవే. బి సెవెన్ దగ్గర మాత్రం డి తప్పుకుని ఆ చోట్లోకి డి షార్ప్ వస్తుంది. ఇ మైనర్‌లోకి దిగగానే మళ్ళీ డి. ఏడు పేర్లు మోసుకుని, బార్ మారినప్పుడల్లా చెయ్యి కొత్త రూట్ దగ్గరికి లాక్కుని, మొత్తం మీద నువ్వు వాయించింది ఒకే ఏడు స్వరాలు. మారింది ఒక్కటే. ఆ ఒక్కటీ నీ రికార్డింగులో ఉంది, కానీ పరుగులో నాలుగో నోట్‌గానో అయిదో నోట్‌గానో వచ్చి, ఎవరికీ వినపడకుండా పోయింది. వినేవాళ్ళు ఆ పాటలో ఎదురుచూసేది దానికోసమే.

అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న భాషలో చెప్తే నీకు ఇంకా తొందరగా ఎక్కుతుంది. ఇ ని షడ్జం అనుకో. పాట మొత్తం నఠభైరవి. బి సెవెన్ వచ్చిన బార్లో కైశికి నిషాదం పోయి కాకలి నిషాదం వస్తుంది, అంటే కీరవాణి తొంగిచూస్తుంది. మరుక్షణం మళ్ళీ నఠభైరవి. వర్ణాలు వాయించిన పిల్లవి, నిషాదం మారితే రాగం మొహమే మారిపోతుందని నీకు వేరే చెప్పాలా? ఆ డి షార్ప్ బి సెవెన్‌కి థర్డ్. దాన్ని తీసేసి డి పెడితే అది బి మైనర్ సెవెన్ అయిపోతుంది, ఇ మైనర్ వైపు లాగే బలం సగం పోతుంది. పక్కనే అర స్వరం దూరంలో ఇ కూర్చుని ఉంది, డి షార్ప్ దానిమీద వాలడానికే పుట్టింది. గిటార్ రెండో తీగ మీద మూడో ఫ్రెట్ డి, నాలుగో ఫ్రెట్ డి షార్ప్, అయిదో ఫ్రెట్ ఇ. ఈ మూడు ఫ్రెట్ల మధ్య ఉంది ఆ పాట గుండె.

రాగాలు తెలిసిన చెవికి ఇక్కడ ఒక మేలుంది, ఒక ప్రమాదమూ ఉంది. మేలేమిటంటే మోడ్‌లు నీకు కొత్త కాదు. శంకరాభరణానికి గ్రహభేదం చేస్తే రిషభం నుంచి ఖరహరప్రియ, గాంధారం నుంచి తోడి, మధ్యమం నుంచి కల్యాణి, పంచమం నుంచి హరికాంభోజి, ధైవతం నుంచి నఠభైరవి వస్తాయని నీకు పదేళ్లప్పుడే తెలుసు. నిషాదం నుంచి మొదలుపెడితే పంచమం దొరకదు కాబట్టి మేళకర్తల్లో దానికి చోటు లేదు, లోక్రియన్ అంటే అదే. నీతో వాయించే కుర్రాళ్ళు నెలల తరబడి బట్టీ పడుతున్నది నీకు ఎప్పుడో వచ్చు.

ప్రమాదం కూడా అక్కడే ఉంది. మనం ఖరహరప్రియ అనగానే కింద తంబూరా మోగుతూ ఉంటుంది, షడ్జం కదలదు. ఆ షడ్జం మీద గంట కూర్చున్నా ఎవరూ లేపరు. కార్డ్ ఒక్క బార్ ఉండి వెళ్ళిపోతుంది. నాలుగు దెబ్బల్లో ఎ ని షడ్జం చేసి ఖరహరప్రియ అనిపించడం ఎవరి వల్లా కాదు. వినేవాడి మనసులో షడ్జం ఇ దగ్గరో, కాసేపు జి దగ్గరో కుదురుకుని ఉంటుంది. కార్డ్ మారినంత మాత్రాన అది లేచి వెళ్ళదు. వాళ్ళ చెవిలో లేని ఏడు రాగాలు నువ్వు కాగితం మీద రాసుకున్నావు.

మరి కార్డ్ మారినప్పుడు ఏం మారుతుంది? నువ్వు పట్టుకుని ఉన్న స్వరానికి పని మారుతుంది. సి అనే స్వరం చూడు. ఎ మైనర్ సెవెన్ మీద అది థర్డ్, హాయిగా నిలబడుతుంది. డి సెవెన్ రాగానే అదే సి సెవెన్త్ అవుతుంది, కిందికి దిగాలని తొందరపడుతుంది. జి మేజర్ సెవెన్ వచ్చాక కూడా దాన్నే పట్టుకుని కూర్చుంటే కార్డ్‌లోని బి తో గొడవ. బి కి దిగితే ఊరట. నీ వేలు కదలకపోయినా కింద నేల కదులుతోంది. ఈ కదలిక విననంతకాలం స్కేలు సరిగ్గా ఎంచుకున్నా ప్రయోజనం లేదు.

అందుకని ఒక పని చెప్తాను, చెయ్యి. స్కేళ్లన్నీ మరిచిపోయి ప్రతి కార్డ్‌లో థర్డ్, సెవెన్త్ మాత్రం చూడు. ఎ మైనర్ సెవెన్‌లో సి, జి. డి సెవెన్‌లో ఎఫ్ షార్ప్, సి. ఇలా చివరిదాకా రాసుకుంటే రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి సి, సి, బి, బి, ఎ, ఎ, జి. రెండో తీగ ఒకటో ఫ్రెట్‌లో మొదలై, అదే తీగ ఖాళీగా, తర్వాత మూడో తీగ రెండో ఫ్రెట్, ఆఖరికి మూడో తీగ ఖాళీ. రెండోది జి, ఎఫ్ షార్ప్, ఎఫ్ షార్ప్, ఇ, ఇ, డి షార్ప్, డి. మొదటి తీగ మీద మూడో ఫ్రెట్, రెండో ఫ్రెట్, అక్కణ్ణుంచి రెండో తీగ అయిదు, నాలుగు, మూడు. రెండూ మెట్లు దిగినట్టు దిగుతాయి, ఎక్కడా ఎగరక్కర్లేదు. బార్‌కి ఒక్క స్వరం చొప్పున నిదానంగా వాయించు. వెనక కార్డ్‌లు లేకపోయినా కార్డ్‌లు వినపడతాయి. జోసెఫ్ కోస్మా 1945లో పారిస్‌లో కట్టిన ఈ బాణీ ఇన్నేళ్లుగా ఇంతమంది జాజ్ వాళ్ళకి మొదటి పాఠం కావడానికి ఈ దిగుడే కారణమని నా నమ్మకం. పాట నడుమ భాగంలో కొత్తగా వచ్చేది కూడా పెద్దగా ఏమీ లేదు, ఈ ఎనిమిది బార్ల రెండు సగాలూ ముందువెనకలవుతాయి, అంతే.

ఈ రెండు దారులూ నోటితో పాడగలిగేదాకా వేరే ఏదీ ముట్టుకోకు. పాడమన్నాను, గుర్తుంచుకో. వేళ్ళకి అలవాట్లుంటాయి, గొంతుకి అంత త్వరగా అబద్ధం అలవాటు కాదు.

అవి కుదిరాక నీ స్కేలు తెచ్చుకో. అప్పుడది ఒక థర్డ్ నుంచి తర్వాతి థర్డ్‌కి వెళ్ళే దారి అవుతుంది. కల్పనస్వరం వేసేటప్పుడు ఎక్కడ తిరిగినా ఎత్తుగడకి వచ్చి కలవాలని అమ్మమ్మ తొడ మీద తాళం వేసి మరీ నేర్పింది కదా, ఆ తెలివే ఇక్కడా పనికొస్తుంది. బి సెవెన్ బార్ మొదటి దెబ్బకి డి షార్ప్ మీద వాలాలని ముందే అనుకుని, వెనక బార్ సగం నుంచే అటు నడవడం మొదలుపెట్టు. నీ పరుగులన్నీ బార్ మొదట్లో రూట్ దగ్గర పుట్టి బార్ చివర చచ్చిపోతున్నాయి. గీత దాటి వాయించు.

బ్యారీ హ్యారిస్ అని డెట్రాయిట్‌లో పుట్టిన పియానో విద్వాంసుడు, 2021లో పోయాడు, దశాబ్దాలపాటు పిల్లలకి పాఠాలు చెప్పాడు. ఎ మైనర్ సెవెన్, డి సెవెన్ జంటగా వస్తే రెండిటికీ వేరువేరుగా ఆలోచించడం ఆయన పద్ధతి కాదు, రెండూ కలిపి డి సెవెన్ అనుకోమనేవాడు. ఏడు స్వరాలకి దాటు స్వరం ఒకటి కలిపి ఎనిమిది చేస్తే కార్డ్ స్వరాలు దెబ్బ మీద పడతాయి. పై డి నుంచి డి, సి షార్ప్, సి, బి, ఎ, జి, ఎఫ్ షార్ప్, ఇ అని దిగి చూడు, డి, సి, ఎ, ఎఫ్ షార్ప్ నాలుగూ దెబ్బ మీదే వస్తాయి. రెండు నిషాదాలూ వరసగానా అని మొహం చిట్లించకు, ఖమాస్‌లో అక్కడక్కడ కాకలి నిషాదం పలికితే మనం తల ఊపుతాం. ఇక్కడ అది మర్యాదగా పక్కకి జరిగి దారిస్తుంది.

ఇంత చెప్పాక మోడ్‌లు దండగ అంటున్నానని అనుకోకు. వాటికి తగిన చోటు వేరే ఉంది. కార్డ్ ఎంతసేపు ఉంటుందన్నదే అసలు ప్రశ్న. దీనికి జాన్ కోల్ట్రేన్ 1959లో చేసిన రెండు పనులు పక్కపక్కన పెట్టుకుని విను. ఆ ఏడు మార్చి 2న న్యూయార్క్‌లో మైల్స్ డేవిస్ బృందంలో ‘సో వాట్’ వాయించాడు. ముప్ఫైరెండు బార్ల పాట. పదహారు బార్లు డి డోరియన్, ఎనిమిది బార్లు అర స్వరం పైన ఇ ఫ్లాట్ డోరియన్, మళ్ళీ ఎనిమిది డి డోరియన్. అంతే, వేరే కదలిక లేదు. ఇక్కడ థర్డ్, సెవెన్త్ వెంట పరిగెత్తడానికి దారే లేదు, ఉన్నచోట ఉండి రంగు చూపించాలి. డి డోరియన్‌కి ఆ రంగు బి దగ్గరుంది, మన లెక్కలో ఖరహరప్రియ చతుశ్రుతి ధైవతం. దాన్ని బి ఫ్లాట్ చేశావా, నఠభైరవి అయిపోయి పాట చీకటి పడుతుంది. ఇలాంటి చోట నీ రాగజ్ఞానం బంగారం. ఏ స్వరం మీద నిలవాలి, దేన్ని ఆలస్యంగా చూపించాలి, దేన్ని కాసేపు దాచిపెట్టాలి అన్నది ఆలాపన చేసినవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

అదే ఏడు మే నెలలో అదే కోల్ట్రేన్ ‘జయంట్ స్టెప్స్’ రికార్డు చేశాడు. పదహారు బార్లలో ఇరవయ్యారు కార్డ్‌లు. చాలా కార్డ్‌లు రెండేసి దెబ్బలుండి పోతాయి. బి, జి, ఇ ఫ్లాట్ అని మూడు షడ్జాలు, ఒకదానికొకటి మేజర్ థర్డ్ దూరంలో, గిరగిరా తిరుగుతుంటాయి. ఏడు స్వరాల స్కేలు వాయించే తీరిక అక్కడ ఎవరికీ లేదు. ఆయన చాలాచోట్ల చేసిన పని ఏమిటంటే ప్రతి కార్డ్‌కి నాలుగు స్వరాలు: స రి గ ప. అంతే. మోహనంలోని మొదటి నాలుగు మెట్లు. వాటిని ఎక్కి, దిగి, తిరగేసి వాడుకున్నాడు. ఆ రికార్డులో పియానో వాయించిన టామీ ఫ్లానగన్ సామాన్యుడు కాడు, కానీ ఆ వేగంలో తన సోలో వచ్చేసరికి తడబడి, చివరికి కార్డ్‌లు వేసుకుంటూ గట్టెక్కాడు. 1982లో ఆ పాటని మళ్ళీ రికార్డు చేసి కసి తీర్చుకున్నాడు. నాకు ఆ మొదటి రికార్డంటేనే ఎక్కువ ఇష్టం, ఎందుకో అడగకు.

ఒకే మనిషి, రెండు మూడు నెలల తేడాలో, ఒకచోట మోడ్‌లో మునిగాడు, ఇంకోచోట నాలుగు స్వరాలతో దాటాడు. ‘ఆటమ్ లీవ్స్’ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది.

ఇంకో మాట. నీకు పాఠం చెప్పే మాస్టారు కార్డ్‌కొక స్కేలు అని చెప్తున్నాడని కోపం తెచ్చుకోకు. ఆ పద్ధతికి పునాదిరాయి వేసింది జార్జ్ రస్సెల్, 1953లో వచ్చిన ఆయన పుస్తకంతో. ఆలోచన గొప్పది, మైల్స్ వాళ్ళు మోడ్‌ల వైపు తిరగడంలో దాని పాత్ర ఉంది. తర్వాత కాలేజీల్లో పాఠం చెప్పడానికి, పేపర్ దిద్దడానికి వీలుగా ఉందని అది పట్టికలా మారిపోయింది. కోల్మన్ హాకిన్స్ ‘బాడీ అండ్ సోల్’ వాయించింది 1939లో. అసలు బాణీని మొదట్లో కాస్త తాకి వదిలేసి, మిగతాదంతా కార్డ్‌లని విప్పుకుంటూ పోయాడు. ఆయన చేతిలో ఈ పట్టిక లేదు. అదే కాలంలో కౌంట్ బేసీ బృందంలో లెస్టర్ యంగ్ ఉన్నాడు. ప్రతి కార్డ్‌నీ పలకరించకుండా, నాలుగైదు స్వరాలతో పైపైన తేలుతూ పోయేవాడు. ఇద్దరిదీ పాటే. నీ తత్వం చూస్తే నువ్వు లెస్టర్ వైపు మొగ్గుతావేమో అనిపిస్తుంది, కానీ ముందు హాకిన్స్‌ని విను. కార్డ్‌లు తెలిసి వదిలేయడం ఒక సంగతి, తెలియక వదిలేయడం ఇంకో సంగతి.

ఇక గమకాల గురించి అడిగావు. వదిలేయమని నేనెందుకంటాను? మన పాలకొల్లు కుర్రాడు యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకం పలికించి, జాన్ మెక్‌లాలిన్ పక్కన ‘రిమెంబర్ శక్తి’లో కూర్చుని వాయించాడు. ఆ మెక్‌లాలిన్ 1969లో మైల్స్ డేవిస్‌తో రికార్డు చేసిన మనిషి. కానీ జాగ్రత్తగా వింటే తెలుస్తుంది, ఆ సంగీతం ఎక్కువభాగం కదలని షడ్జం మీద, రాగం చుట్టూ అల్లింది. అక్కడ గాంధారాన్ని ఊపడానికి చోటుంది. నీ పాటలో పియానో అబ్బాయి కచ్చితమైన బి నొక్కిపట్టి ఉంటే, నువ్వు దాని చుట్టూ ఊగుతుంటే, రెండూ పోట్లాడుకుంటాయి. నన్నడిగితే ‘సో వాట్’ లాంటి పాటల్లో కాస్త ధైర్యం చెయ్యి. కార్డ్‌లు కదిలే పాటల్లో స్వరం మీదికి జారి వాలు, వాలాక స్థిరంగా ఉండు. డి నుంచి డి షార్ప్ మీదికి ఒక చిన్న జారు వేస్తే ఎంత అందమో.

బ్లూస్ సంగతి తేలిక. ఎ బ్లూస్ అంటే శుద్ధ ధన్యాసి స్వరాలు ఎ, సి, డి, ఇ, జి పన్నెండు బార్లూ వాయించినా చెల్లిపోతుంది, చాలామంది జీవితమంతా చెల్లించారు. ఒక్క చిన్న తేడా చూపించు: ఎ సెవెన్ ఉన్నప్పుడు సి ని కాస్త పైకి లాగి సి షార్ప్‌కి చేర్చు, డి సెవెన్ రాగానే సి దగ్గరే ఆగు, అది డి సెవెన్‌కి సెవెన్త్. మళ్ళీ ఒక్క స్వరమే. వెనకవాళ్ళు మానేసినా నువ్వు ఏ కార్డ్ మీదున్నావో జనానికి తెలుస్తుంది.

బి సెవెన్ మీద ఆల్టర్డ్ స్కేలు వాడచ్చా అని చివర్లో రాశావు. వాడచ్చు. అది సి ని షడ్జం చేసుకున్న గౌరీమనోహరి, బి నుంచి మొదలుపెట్టినది. నీ వేళ్ళు వెతుక్కోనక్కర్లేదు. కానీ ఈ వేసవి దాటాక. డి షార్ప్ చోటు తెలియకుండా దాని చుట్టూ అలంకారాలు పెడితే ఎవరికి కనపడాలి?

సాధన ఇలా చెయ్యి. ఫోన్లో నువ్వే కార్డ్‌లు రికార్డు చేసుకో, నెట్లో దొరికే డ్రమ్ముల ట్రాకులొద్దు, వాటి హడావిడిలో నీ తప్పు నీకు వినపడదు. మెట్రోనోమ్ అరవై దగ్గర పెట్టు. మొదటిసారి థర్డ్‌లు మాత్రం. తర్వాత ఆ రెండు దారులు. తర్వాత బార్‌కి మూడు స్వరాలకి మించకుండా, ఒకటి తప్పనిసరిగా థర్డ్. బార్‌లో సగం ఖాళీగా వదిలినా పరవాలేదు. అయిదో ఫ్రెట్ దాటి పైకి వెళ్ళకు, ఉన్న చోటే సరిపోతుంది. వేగం ఎవరికోసం పెంచాలో నాకైతే తెలియదు, మీ బ్యాండు కుర్రాళ్ళు తొందరపెడితే నా పేరు చెప్పు.

వినడానికి కానన్‌బాల్ అడర్లీ 1958లో చేసిన ‘ఆటమ్ లీవ్స్’ పెట్టుకో. మ్యూట్ బిగించిన ట్రంపెట్‌తో మైల్స్ బాణీ ఎత్తుకుంటాడు. వాళ్ళది జి మైనర్, నీది ఇ మైనర్. కాబట్టి వాళ్ళ దగ్గర నువ్వు వెతకాల్సింది డి సెవెన్ మీద ఎఫ్ షార్ప్. కాగితం పెన్ను పట్టుకుని కూర్చోకు. అది వచ్చిన ప్రతిసారీ చెయ్యెత్తు, చాలు. మైల్స్ ఎక్కడ దాన్ని ఇస్తాడో, ఎక్కడ ఇవ్వకుండా ఊరిస్తాడో నీకే తెలుస్తుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆంప్లిఫయర్ మోసుకురాకు, ఇక్కడ నా పాతది ఇంకా పనిచేస్తోంది. గిటార్ తెచ్చుకో, బాస్ నేను వాయిస్తాను. మీ అమ్మకి చెప్పి వయొలిన్ కూడా పెట్టెలో పెట్టించు. ఆ రెండో దారి, జి నుంచి డి దాకా దిగేది, వయొలిన్ మీద బార్‌కొక్క విల్లు లాగి వాయించి చూడాలని నాకు కోరిక.

మీ మామయ్య